తక్కెడ ఎవరి చేతిలో ఉంది?

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం సాహితీ మిత్రులు కూడినప్పుడు, తత్వశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

పెద్దలకు, మిత్రులకు, వెనక గోడకు ఆనుకొని నిలబడిన విద్యార్థులకు నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. రాలేమంటారా, అది మీ ఇష్టం. ఈరోజు మాట్లాడబోయేది మీ ఇష్టాన్ని గురించే కనుక నేను బలవంతపెట్టడం బాగుండదు.

వ్యక్తి స్వేచ్ఛ విలువ ఎంత, మిగతా నైతిక ఆదర్శాల పక్కన నిలబెడితే దాని ఎత్తు ఎంత అన్నది నాకు అప్పగించిన విషయం. దీన్ని నేను పుస్తకాల దగ్గర కాకుండా మన నోటి మాట దగ్గర మొదలుపెడతాను. తనకు తోచినట్టు బతికే మనిషిని మనం ఏమంటాం? అచ్చోసిన ఆంబోతు అంటాం. ఆడింది ఆట, పాడింది పాట అంటాం. ఇష్టారాజ్యం అంటాం, పట్టపగ్గాలు లేవంటాం, బరితెగించాడంటాం. పిల్లవాడు కొంచెం చనువు తీసుకుంటే "వీనికి స్వతంత్రం ఎక్కువైంది" అంటాం. మరి మెచ్చుకోవలసి వస్తే? గీసిన గీటు దాటడు అంటాం, తండ్రి మాట జవదాటడు అంటాం, ఆ పిల్ల తలెత్తి చూడదు అంటాం. స్వేచ్ఛను తిట్టడానికి మన దగ్గర ఇన్ని నుడికారాలున్నాయి, మెచ్చుకోవడానికి ఇంట్లో వాడే మాట ఒక్కటి చెప్పండి చూద్దాం. నేను చాలాకాలంగా వెతుకుతున్నాను. మీకెవరికైనా తడితే సభ అయిన తరువాత చెప్పండి, రాసుకుంటాను.

ఇందులో ఆంబోతును మాత్రం కొంచెం ఆగి చూడాలి. దేవుడి పేరు మీద అచ్చు వేసి వదిలిన ఆబోతు ఎవరి చేలో పడి మేసినా అదిలించడానికి లేదు. అంటే ఆ మాట పుట్టించిన పల్లెకు స్వేచ్ఛ అనగానే మొదట కళ్ల ముందు కదిలింది ఆబోతు సుఖం కాదు, మేత పోగొట్టుకున్న పక్కరైతు ముఖం. ఇది వెనకబాటుతనం అని తేలికగా కొట్టిపారేసేవారున్నారు. నేను కొట్టిపారేయను. చివరలో మళ్లీ ఈ ఆబోతు దగ్గరికే రావలసి ఉంది.

తాళ్లపాక మన వైపుదే గనుక ఇక్కడ స్వేచ్ఛ అనగానే అన్నమయ్య సంకెళ్ల కథ చెబుతారని కొందరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. గొప్ప కథే, కానీ ఈ విషయానికి అది సరిపోదు. దేవుడికి కట్టుబడ్డవాడు రాజుకు కట్టుబడనన్న కథ అది. ఎవరికీ కట్టుబడకుండా, ఏ దేవుడి అండా చెప్పుకోకుండా, నా బతుకు నాది అన్న మామూలు మనిషి సంగతి వేరు. ఆ మామూలు మనిషి గురించే నా మాట.

1958లో ఆక్స్‌ఫర్డ్‌లో ఐజయా బెర్లిన్ అనే తత్వవేత్త స్వేచ్ఛ మీద ఒక ప్రసంగం చేశాడు. అందులో రెండు రకాల స్వేచ్ఛల విభజనే అందరికీ గుర్తుండిపోయింది, నాకు మాత్రం అంతకంటే చిన్న మాట ఒకటి ముఖ్యమనిపిస్తుంది. స్వేచ్ఛ స్వేచ్ఛే, అది సమానత్వం కాదు, న్యాయం కాదు, సంతోషం కాదు అన్నాడాయన. దీని అర్థం ఏమిటి? ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోవలసి వస్తే వదులుకుందాం, కానీ వదులుకున్నామన్న సంగతిని దాచిపెట్టవద్దు అని. అప్పు తీర్చడానికి ఎద్దును అమ్మిన రైతును తీసుకోండి. అప్పు తీరింది, మంచి పనే చేశాడు. అయినా ఆ రాత్రి కొట్టంలో ఎద్దు లేదు. అప్పు తీరడమే అసలైన ఎద్దు అని ఎవరైనా ఆయనతో అంటే మనం నవ్వుతాం. అదే రాజకీయాలలోకి వచ్చేసరికి నవ్వడం మానేసి నమ్ముతాం. క్రమశిక్షణే అసలైన స్వేచ్ఛ, కుటుంబ గౌరవమే అసలైన స్వేచ్ఛ, దేశభద్రతే అసలైన స్వేచ్ఛ అని వేదిక మీద ఎవరైనా అంటే తల ఊపుతాం. అయ్యా, అవన్నీ గొప్పవే కావచ్చు. కానీ అవి అవే, ఎద్దు ఎద్దే.

ఇక స్వేచ్ఛకు ఎదురుగా నిలబడే ఆదర్శాలలో బలమైనది ఏది? సమానత్వం అంటారు చదువుకున్నవారు. నేను ఒప్పుకోను. మన నేలమీద దానికి అసలు పోటీ రక్షణ. మనుస్మృతిలో స్త్రీకి స్వాతంత్ర్యం తగదన్న పాదం అందరికీ తెలుసు, దానిమీద కావలసినంత కోపమూ ఉంది. కానీ ఆ శ్లోకంలో మిగిలిన మూడు పాదాలు ఏమంటున్నాయో గమనించారా? బాల్యంలో తండ్రి రక్షిస్తాడు, యౌవనంలో భర్త రక్షిస్తాడు, ముసలితనంలో కొడుకులు రక్షిస్తారు. మూడు పాదాలలోనూ క్రియ రక్షించడమే. శిక్షించడం గానీ అణచడం గానీ ఆ శ్లోకంలో లేదు. స్వేచ్ఛను తీసుకునేవాడు ఎప్పుడూ కత్తి పట్టుకొని రాడు, ఎండలో నిలబడ్డావని గొడుగు పట్టుకొని వస్తాడు.

ఇది పాత పుస్తకాల సంగతి అనుకుంటే, ఇప్పుడు నడుస్తున్న ఒక నిబంధన చెబుతాను. ఈ సభలో కువైట్‌లో బంధువులు లేనివారు ఎంతమంది? చేతులు ఎత్తవద్దు, ఎత్తేవారు తక్కువే ఉంటారు. రాయచోటి, రాజంపేట, చిట్వేలి వైపు నుంచి ఇళ్లలో పని చేయడానికి ఎంతమంది ఆడవాళ్లు పోయారో మీకు నేను చెప్పనక్కరలేదు. మన దేశంలో 1983 నాటి ప్రవాస చట్టం ఉంది. దాని ప్రకారం పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్ట్ మీద గల్ఫ్‌కు పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి ముద్ర అవసరం. ఆ అనుమతి మగవాడికి పద్దెనిమిదేళ్లు దాటితే దొరుకుతుంది. ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండాలి. ఇరవై తొమ్మిదేళ్ల ఆమెకు ఇద్దరు పిల్లలు ఉండవచ్చు, ఓటు ఉంటుంది, ఎమ్మెల్యేగా పోటీ చేసే అర్హత ఉంటుంది, బ్యాంకు ఆమె సంతకం మీద అప్పు ఇస్తుంది. కానీ ఎక్కడ పని చేసుకొని బతకాలో నిర్ణయించుకునే వయసు ఆమెకు రాలేదని ప్రభుత్వం అంటుంది. అదే ఆమె పదో తరగతి పాసై ఉంటే ఈ ముప్పై ఏళ్ల లెక్క ఆమెకు అంటదు.

ఇది చెడ్డ ఉద్దేశంతో పెట్టిన నిబంధనా? కానే కాదు. అక్కడి ఇళ్లలో జరిగిన ఘోరాలు విని, మనసు కరిగి పెట్టినదే. ఆ ఘోరాలు అబద్ధమని నేను అనను, ఈ ఊళ్లో ఉంటూ ఎట్లా అనగలను? కానీ ఫలితం చూడండి. అవసరం ఆగదు కనుక ఆమె పోనే పోతుంది. ఏజెంటు వయసు పెంచి కాగితాలు సృష్టిస్తాడు, లేదా విజిట్ వీసా మీద మరో దేశానికి పంపి అక్కడినుంచి దాటిస్తాడు. ముద్రతో పోయిన మనిషికి కష్టం వస్తే రాయబార కార్యాలయంలో ఒక కాగితం ఉంటుంది. ముద్ర లేకుండా పోయినామెకు ఆ కాగితమూ ఉండదు. రక్షణ పేరుతో తీసుకున్న స్వేచ్ఛ వెళుతూ వెళుతూ రక్షణను కూడా వెంటబెట్టుకొని పోయింది.

నేను అడిగేది ఒక్కటే. ఆమెకు ప్రమాదం ఎక్కువా, ఇంటి దగ్గర అప్పు ఎక్కువా అని తూచిన తక్కెడ ఎవరి చేతిలో ఉంది? ప్రమాదం ఆమెది, అప్పు ఆమెది, పిల్లలు ఆమెవాళ్లు. తూచినవారిలో వీటిలో ఏ ఒక్కటీ ఉన్నవారు లేరు. స్వేచ్ఛ గొప్పదా రక్షణ గొప్పదా అని తత్వశాస్త్రంలో రెండు వేల ఏళ్లయినా వాదించుకోవచ్చు. కానీ బతుకులో ఈ ప్రశ్న ఎప్పుడూ ఒకే రూపంలో వస్తుంది: ఒకరి స్వేచ్ఛను, మరొకరు తూచి, ఇది తేలిక అని చెబుతారు. తన స్వేచ్ఛను తానే తూచుకొని, తన పిల్లల కోసం వదులుకొనే మనిషి వేరు. కువైట్‌కు పోయే తల్లి చేసేది అదే కదా. ఆమె స్వేచ్ఛ కంటే బాధ్యతను పెద్దదిగా ఎంచుకుంది. ఎంచుకున్నది మాత్రం ఆమె. అందుకని స్వేచ్ఛ అన్నిటికంటే బరువైన రాయి అని నేను అనడం లేదు, తూచే హక్కు పేరు స్వేచ్ఛ అంటున్నాను.

ఇప్పుడు దీనికి ఎదురు ప్రశ్న ఉంది, అది మీలో కొందరి మనసులో ఇప్పటికే వచ్చి ఉంటుంది. గల్ఫ్‌కు పోయేవారు వాడే మాట ఒకటుంది, ఆజాద్ వీసా. ఆజాద్ అంటే స్వేచ్ఛ. కఫీల్ అని పిలిచే యజమాని పేరుకు వీసా ఇస్తాడు, డబ్బు తీసుకొని బయట ఎక్కడైనా పని చేసుకోమంటాడు. చట్టం దృష్టిలో అది తప్పు, పట్టుబడితే జైలు, తిప్పి పంపడం. పాస్‌పోర్ట్ యజమాని పెట్టెలో ఉంటుంది. కువైట్ 2015లో ఇంటిపనివారి కోసం చట్టం చేసి పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోవద్దని చెప్పినా, చట్టం రాసుకోవడం వేరు, పెట్టె తాళం తీయడం వేరు. దీనికి మనవాళ్లు పెట్టుకున్న పేరు ఆజాద్! మరి ఆకలితో ఎంచుకున్నది ఎంపికేనా సార్, అప్పు మీద పడి తరుముతుంటే ఎటు పరుగెత్తాలో నిర్ణయించుకోవడాన్ని స్వేచ్ఛ అంటారా అని మీరు అడగవచ్చు.

అడగవలసిందే. 1859లో స్వేచ్ఛ గురించి పుస్తకం రాసిన జాన్ స్టూవర్ట్ మిల్ కూడా ఒక చోట ఆగాడు. మనిషి తనను తాను బానిసగా అమ్ముకునే ఒప్పందం చెల్లదన్నాడు, ఎందుకంటే ఆ ఒక్క పనితో తరువాత చేయగల పనులన్నీ పోతాయి. ఇదే మిల్ ఈస్టిండియా కంపెనీలో ముప్పై అయిదేళ్లు ఉద్యోగం చేశాడు, లండన్‌లో కూర్చొని మన దేశపు ఫైళ్లు చూశాడు. ఇతరులకు హాని చేయనంతవరకు మనిషిని అతని ఇష్టానికి వదిలేయాలన్న తన సూత్రం ఎదగని సమాజాలకు వర్తించదని, వాళ్లకు నిరంకుశ పాలనే తగునని అదే పుస్తకంలో రాసిపెట్టాడు. అంటే ఆయన లెక్కలో మనమందరం ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లమే! పాఠం చెప్పేటప్పుడు ఈ చోటికి వస్తే నాకు ప్రతి ఏడూ నవ్వు వచ్చేది. అయినా ఆయన సూత్రం ఆయనకంటే గొప్పది, కనుక ఉంచుకుందాం.

జీతగాళ్ల సంగతి మీ నాన్నలను, తాతలను అడగండి. పెళ్లికి తీసుకున్న అప్పు కింద కొడుకును ఆసామి ఇంట జీతానికి పెట్టడం, ఆ అప్పు వాడి కొడుకు దాకా పారడం ఈ సీమలో చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. అది కూడా కాగితం మీద ఇద్దరి ఇష్టపూర్వక ఒప్పందమే. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించినా, వెట్టి చాకిరీ రద్దు చట్టం రావడానికి 1976 దాకా పట్టింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు వేసింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకుంటే అది వెట్టే అన్నది, మనిషిని బలవంతపెట్టేది కొరడా ఒక్కటే కాదు, ఆకలి కూడా బలవంతమే అన్నది. ఈ తీర్పును నేను స్వేచ్ఛకు పెట్టిన హద్దుగా చూడను. తూచేవాడి చేయి వణకకుండా ఉండాలంటే కడుపులో ఇంత ముద్ద ఉండాలని ఒప్పుకోవడంగా చూస్తాను. కానీ ఇక్కడొక తేడా మరిచిపోకూడదు. ఆకలి బలవంతమే అని తేలినప్పుడు చేయవలసింది కూలి పెంచడం, అప్పు తీసేయడం. ఆకలిగా ఉన్నావు కనుక నీకు నిర్ణయించుకునే తెలివి లేదు, నీ తరఫున మేం నిర్ణయిస్తాం అనడం కాదు. మొదటిది ఆమె చేతికి బలం ఇస్తుంది. రెండోది ఆమె చేతిలో ఉన్న తక్కెడను లాక్కుంటుంది.

రాజ్యభద్రత గురించి ఎక్కువ చెప్పను, ఒక్క ఘటన చాలు. అత్యవసర పరిస్థితిలో, 1976 ఏప్రిల్ 28న, జబల్పూర్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురిలో నలుగురు, నిర్బంధంలో ఉన్నవాడు తన స్వేచ్ఛ కోసం కోర్టు తలుపు తట్టడానికి కూడా వీల్లేదన్నారు. వాదనల్లో జస్టిస్ ఖన్నా అటార్నీ జనరల్‌ను ఒక ప్రశ్న అడిగారు: పోలీసు సొంత పగతో ఒక మనిషిని చంపేసినా ఉపాయం లేదా? లేదు అని జవాబు వచ్చింది. ఖన్నా ఒక్కరే దానికి ఒప్పుకోక వేరుగా తీర్పు రాశారు, తరువాత ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాలేదు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు స్పష్టంగా కొట్టివేయడానికి 2017 వరకు, గోప్యత హక్కు కేసు వరకు, నలభై ఒక్క సంవత్సరాలు పట్టింది. భద్రత అనే రాయిని తక్కెడలో వేసినప్పుడు దానికి ఎంత బరువు ఉందో రాయి వేసినవారే చెబుతారు, ఇంకెవరూ ఎత్తి చూడలేరు. చిక్కు అక్కడుంది.

ఇంతసేపు ప్రభుత్వాన్ని, కోర్టును అన్నాను. నా సంగతి కూడా చెప్పుకోకపోతే మర్యాద కాదు. ముప్పై ఏళ్లు తరగతిలో మిల్లును బోధించినవాణ్ణి, మా అమ్మాయికి హైదరాబాదులో కోరుకున్న కోర్సులో సీటు వస్తే పంపలేదు. రోజులు బాగాలేవు అన్నాను, హాస్టళ్ల గురించి పేపర్లో వచ్చినవి చదివి వినిపించాను, ఇక్కడే డిగ్రీలో చేర్పించాను. తను బాగానే చదువుకుంది, బాగానే ఉంది. మొన్నొక పండగకు వచ్చినప్పుడు, నేను చేసింది తప్పేమో అని చాలా ఏళ్లకు నోరు తెరిచి అడిగాను. "తప్పో ఒప్పో నాకూ తెలీదు నాయనా, నేనే అయినా భయపడి అక్కడికి పోయేదాన్ని కాదేమో. అడిగింటే బాగుండు" అనింది. పప్పులో తిరగమాత వేస్తూ అనిందా మాట, పెద్ద గొడవేమీ కాలేదు. ఫలితం అదే అయ్యేదట. అయినా ఏదో తేడా ఉంది కదా? ఆ తేడా విలువ ఎంత అన్నదే ఈరోజు నాకిచ్చిన విషయం అనుకుంటాను.

సమానత్వం దగ్గరకు వచ్చి ముగిస్తాను, ఇక్కడ నా వాదం కొంచెం కుంటుతుందని ముందే చెబుతున్నాను. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం మూడింటినీ విడదీయరాదన్నారు. సమానత్వం లేని స్వేచ్ఛ కొద్దిమందికి ఎక్కువమంది మీద పెత్తనం ఇస్తుందని, స్వేచ్ఛ లేని సమానత్వం మనిషిలోని చొరవను చంపుతుందని, సౌభ్రాతృత్వం లేకపోతే మిగతా రెండూ సహజంగా నిలవవని, నిలబెట్టడానికి పోలీసు కానిస్టేబుల్ కావలసి వస్తుందని చెప్పారు. ఆ కానిస్టేబుల్ మాటను మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. నాకైతే అందులో అనంతపురం బోర్లు కనిపిస్తాయి.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం నా భూమి కింద ఉన్న నీళ్లు తోడుకునే హక్కు నాది. నా పొలం, నా బోరు, నా ఇష్టం. ఇంతకంటే శుద్ధమైన వ్యక్తి స్వేచ్ఛ ఎక్కడుంది? కానీ భూమి కింద గట్లు లేవు. వాన తక్కువైన ఆ జిల్లాలో ఒకరు ఆరు వందల అడుగులు వేస్తే పక్కవాడు ఎనిమిది వందలు వేయాలి. డబ్బు ఉన్నవాడు ఇంకా కిందికి పోతాడు, లేనివాడి బావి ఎండుతుంది. ఇదిగో, అచ్చోసిన ఆంబోతు వచ్చేసింది, ఈసారి నాలుగు కాళ్ల మీద కాదు, కేసింగు పైపు మీద. 2002లో నీరు, భూమి, చెట్ల కోసం వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి కావాలి, తాగునీటి వనరుకు దగ్గరలో వేయరాదు అన్నది. ఈ చట్టం నా స్వేచ్ఛను తీసుకుంటున్నది. తీసుకోనీ, నేను అభ్యంతరం చెప్పను. పక్కవాడి చేను మేసే హక్కును తూచుకునే అధికారం నా ఒక్కడిది కాజాలదు.

కానీ కానిస్టేబుల్ ప్రతి పొలం గట్టున నిలబడలేడు, అనుమతి లేని బోర్లు రాత్రిళ్లు పడుతూనే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంకొక దారి కూడా తొక్కి చూశారు. భూగర్భజలాలను రైతులే నిర్వహించుకునే ఒక పథకం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఏడు జిల్లాల్లో నడిచింది. అనంతపురం, కర్నూలు, కడప అందులో ఉన్నాయి. అందులో ఎవరికీ ఏ ఆజ్ఞా లేదు, జరిమానా లేదు. రైతులు తమ బోర్లలో నీటిమట్టం తామే కొలిచారు, వాన తామే కొలిచారు, రబీకి ముందు కూర్చొని ఈ ఏడు భూమిలో ఎంత ఉంది, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్క కట్టారు. తరువాత ఎవరి పంట వాళ్లే నిర్ణయించుకున్నారు. చాలాచోట్ల వరి తగ్గించుకున్నారు. తక్కెడను లాక్కోకుండా తూనికరాళ్లు సరిచేసి ఇచ్చారు, అంతే. స్వేచ్ఛకు, సమానత్వానికి మధ్య ఇంతకంటే మర్యాదైన సంధి నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

అయితే నన్ను విడవని సందేహం ఒకటుంది. ఆ లెక్కల కాగితం చుట్టూ కూర్చున్నవారందరికీ బోర్లున్నాయి. బోరు లేని మెట్టరైతు, ఇంకా వేయలేదు కనుక ఇక వేయకూడదని ఒప్పించబడినవాడు, ఆ గుంపులో ఎక్కడ కూర్చుంటాడు? ముందు వేసినవాళ్ల స్వేచ్ఛ పొలంలో పైపు అయి నిలిచి ఉంది, ఆయనది ఊరి మంచి కోసం ఆగిపోయింది. ఆగడం న్యాయమే అని నేనే ఇప్పుడు చెప్పాను. కానీ ఎద్దును అమ్మినది ఆయన ఒక్కడే, అప్పు ఊరందరిదీ. ఆయన కొట్టం వైపు ఎవరం చూడలేదు. దీనికి నా దగ్గర జవాబు లేదు, మీలో వ్యవసాయం చేసేవారు నాకంటే బాగా చెప్పగలరు. మైకు వెనక్కి ఇవ్వండి, ఆ చివర పెద్దాయన ఇందాకటినుంచి చేయి ఎత్తి ఉన్నారు.